తిరుగు ప్రయాణానికి ముందు

(శాఖా సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి సమావేశానికి ఈ విషయాన్ని ఎందుకు ఎన్నుకున్నారని కొందరు మిత్రులు మమ్ములను ప్రశ్నించారు. కరువు భత్యం, ఖాళీల భర్తీ, పింఛను, ఇవి గదా సంఘం చేయవలసిన పనులు, గల్ఫ్ నుండి తిరిగి వచ్చేవారి సంగతి మనకెందుకు అని వారి సందేహం. దానికి మేము మాటలతో సమాధానం చెప్పలేదు. అన్నో తమ్ముడో, బావమరిదో, కుమారుడో, మేనకోడలో గల్ఫ్ దేశాలలో లేనివారు చేతులెత్తవలసిందని సభ ప్రారంభంలో కోరాము. ఎత్తిన చేతులెన్నో మీరే చూశారు.

అదిగాక, ఈ వలసకు మన రెండు శాఖలూ మొదటినుండి సాక్షులుగా ఉన్నవి. శంషాబాదు విమానాశ్రయం 2008లో వచ్చినది. అంతకు పూర్వం కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలనుండి ఎందరో బొంబాయి పోయి విమానమెక్కేవారు, బొంబాయిలోనే దిగేవారు. మన్మాడు మీదుగా నిజామాబాదు చేరే బండ్లలో వారి అట్టపెట్టెలను దాటుకుంటూ టిక్కెట్లు తనిఖీ చేసినవారు ఈ సభలో ఉన్నారు. రాజంపేట, రాయచోటి ప్రాంతాలనుండి కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఆడబిడ్డల ఉత్తరాలను తల్లిదండ్రులకు అందించి, గుమ్మం వద్దనే నిలబడి చదివి వినిపించి, జవాబు కూడా తామే వ్రాసిపెట్టిన పోస్టుమాన్లు ఉన్నారు. వారు పోవడం మనం చూశాము, వారి డబ్బు రావడం చూశాము. వారు తిరిగి రావడానికి ఎట్లా సిద్ధపడుతున్నారన్నది మాత్రం మనం చూడలేదు.

పోయేటప్పుడు జరిగే సన్నాహం ఊరంతటికీ తెలుస్తుంది. పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, ఏజెంటు చుట్టూ తిరగడం, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు, చివరకు బంధువులందరి వీడ్కోలు. తిరిగి వచ్చేటప్పుడు జరిగే సన్నాహమంతా బజారులోనే జరుగుతుంది. దుప్పట్లు, అత్తరు, పిల్లలకు బొమ్మలు, బామ్మర్దికి సెల్‌ఫోను, పెట్టె బరువు నిర్ణీత కిలోలు దాటకుండా రాత్రంతా మళ్లీ మళ్లీ తూచుకోవడం. పెట్టెలో ఏమి పెట్టాలన్న ఆలోచన ఉన్నంతగా, ఆ పదేండ్ల, పదిహేనేండ్ల చాకిరీకి యజమాని ఇంకా ఎంత బాకీ ఉన్నాడన్న ఆలోచన ఉండదు. మేము తప్పు పట్టడం లేదు. ఆ లెక్క ఒకటి ఉన్నదని అతనికి చెప్పినవారే లేరు.

మన సంగతి చూడండి. మనలో ఒకరు పదవీ విరమణ చేయబోతున్నారంటే నెలల తరబడి ముందుగానే కార్యాలయం కదులుతుంది. సర్వీసు పుస్తకం తీస్తారు, అర్హమైన సర్వీసు లెక్క కడతారు, నామినేషను సరిచూస్తారు, బాకీలు లేవన్న ధ్రువీకరణ తెప్పిస్తారు. ప్రతి ఆరు నెలల సర్వీసుకు నాలుగో వంతు జీతం, గరిష్ఠంగా పదహారున్నర నెలల జీతం గ్రాట్యుటీగా వస్తుందని గ్యాంగ్‌మన్ మొదలు గార్డు వరకు అందరికీ కంఠతా వచ్చు. ఎక్కడైనా ఒక ఇంక్రిమెంటు తప్పితే అడగడానికి సంఘం ఉన్నది. గల్ఫ్ కార్మికునికి ఆ కార్యాలయం లేదు, ఆ సంఘమూ లేదు. అతని సర్వీసు పుస్తకం అతనే వ్రాసుకోవాలి. అందుచేత, అతని తరఫున ఆ పని చేయగల తెలివి ఎవరికైనా ఉంటే అది మనకే ఉన్నదని మా నమ్మకం.

చట్టాలు లేకపోలేదు. సర్వీసు చివర ఇవ్వవలసిన మొత్తాన్ని గురించి ఆ దేశాలన్నింటిలోనూ శాసనాలున్నవి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరి నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం, ఏడాది పూర్తి చేసినవానికి మొదటి ఐదు సంవత్సరాలకు ఏటా 21 రోజుల మూలవేతనం, ఆపై ఏటా 30 రోజుల మూలవేతనం ఇవ్వాలి. మొత్తం మీద రెండేండ్ల వేతనానికి మించదు. రాజీనామా చేశాడన్న పేరుతో దీనిని తగ్గించే పాత పద్ధతిని ఆ చట్టం తీసివేసినది. ఒప్పందం ముగిసిన 14 రోజులలో చెల్లించాలి. ఇందులో మూలవేతనం అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. మన గ్రాట్యుటీలో కరువు భత్యం కూడా కలుస్తుంది, అక్కడ భత్యాలు కలవవు. నెలకు వెయ్యి దిర్హముల జీతగాడు ఎనిమిదేండ్లు పనిచేస్తే, వెయ్యీ మూలవేతనమే అయినప్పుడు 6,500 దిర్హములు రావాలి. అదే ఒప్పందంలో మూలవేతనం 600, భత్యాలు 400 అని వ్రాసి ఉంటే 3,900 మాత్రమే వస్తుంది. చేతికి వచ్చే జీతం ఒక్కటే అయినా పోయేనాటి లెక్క వేరు. ఈ సంగతి తెలియవలసింది వచ్చేనాడు కాదు, సంతకం పెట్టేనాడు.

సౌదీ అరేబియాలో పద్ధతి వేరు. అక్కడ మొదటి ఐదేండ్లకు ఏటా అర నెల జీతం, తరువాత ఏటా నెల జీతం. కార్మికుడే రాజీనామా చేస్తే మాత్రం రెండేండ్లు దాటకపోతే ఏమీ రాదు, రెండునుండి ఐదేండ్ల వరకు మూడో వంతు, ఐదు దాటి పది నిండకపోతే మూడింట రెండు వంతులు, పదేండ్లు నిండితే పూర్తి మొత్తం. ఒప్పందం గడువు తీరి పని ముగిస్తే ఈ కోత లేదు. కువైట్‌లో 2010 నాటి చట్టం ప్రకారం నెలజీతగాండ్రకు మొదటి ఐదేండ్లకు ఏటా 15 రోజులు, తరువాత ఏటా ఒక నెల. అక్కడ కూడా రాజీనామాకు మెట్లున్నవి. ఇంటిపని చేసే స్త్రీలకు మొన్నమొన్నటి వరకు ఏ చట్టమూ వర్తించేది కాదు. కువైట్ 2015లో చేసిన చట్టంతో వారికి ఏటా ఒక నెల జీతం చొప్పున హక్కు ఏర్పడినది. మన రాయచోటి అక్కచెల్లెండ్రలో ఈ మాట విన్నవారెందరో! ఖతారులో ఏటా కనీసం మూడు వారాల మూలవేతనం. బహ్రెయిన్‌లో 2024 మార్చినుండి యజమాని నెలనెలా సామాజిక బీమా సంస్థకు ఈ సొమ్ము కట్టాలి, కార్మికుడు వెళ్లేటప్పుడు ఆ సంస్థనుండే తీసుకోవాలి. యజమాని దయాదాక్షిణ్యాల మీద ఆధారపడనవసరం లేని ఈ పద్ధతి మిగతాచోట్ల కూడా రావాలని మేము కోరుకుంటున్నాము.

ఈ అంకెలు వినడానికి విసుగు కలిగించవచ్చు. ఒక మనిషి విషయంలో ఇవి ఏమి చేసినవో చెబుతాము. మా శాఖలో ట్రాక్ నిర్వహణలో పనిచేసే ఒక సహోద్యోగి తమ్ముడు సౌదీలో నెలకు 1,500 రియాళ్ల మీద మేస్త్రీగా ఉండేవాడు. తొమ్మిదిన్నరేండ్లు పూర్తయినవి. కూతురు పెండ్లి నిశ్చయమైనది. ఇక చాలు, వచ్చేస్తానని రాజీనామా ఇచ్చాడు. పూర్తి లెక్క ప్రకారం అతనికి ఏడు నెలల జీతం, అనగా 10,500 రియాళ్లు రావలసి ఉండగా, రాజీనామా కనుక మూడింట రెండు వంతులు, అనగా 7,000 అయినవి. సెలవుపై వచ్చి పెండ్లి చేసి తిరిగి వెళ్లి, పదేండ్లు నింపి వచ్చి ఉంటే 11,250 రియాళ్లు వచ్చేవి. ఆరు నెలల తొందరకు 4,250 రియాళ్లు పోయినవి. పోనీ, ఆ 7,000 అయినా చేతికి వచ్చినవా అంటే అదీ లేదు. విమానాశ్రయానికి బయలుదేరే రోజున కంపెనీ గుమాస్తా అరబ్బీలో ఉన్న ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. టిక్కెట్టు కావాలంటే పెట్టక తప్పదన్నాడు. తనకు రావలసినదంతా ముట్టినదని ఆ కాగితంలో ఉన్నదని ఊరికి వచ్చిన తరువాత ఒక మౌల్వీగారు చదివి చెబితే తెలిసినది. మా సహోద్యోగి ఆ కాగితాన్ని సంఘం కార్యాలయానికి తెచ్చాడు. ఫారాలు నింపి, అర్జీలు వ్రాసి, డి.ఆర్.ఎం. కార్యాలయం మెట్లు వందసార్లు ఎక్కి దిగిన మేమంతా ఆ కాగితం చుట్టూ కూర్చుని ఏమీ చేయలేకపోయాము. ఈ ప్రసంగం నిజానికి ఆ రోజున మొదలైనది.

కనుక మొదటి మాట. తిరిగి రావాలన్న నిర్ణయానికీ టిక్కెట్టుకూ మధ్య కనీసం ఆరు నెలల వ్యవధి ఉండాలి. ఆ వ్యవధిలో సర్వీసు ఎన్నాళ్లయినదో, ఒప్పందం గడువు ఎన్నడు తీరుతుందో, ఇంకెన్ని నెలలు నిలిస్తే ఏ మెట్టు దాటుతాడో లెక్క చూసుకోవాలి. నోటీసు వ్రాతపూర్వకంగా ఇచ్చి ప్రతి దాచుకోవాలి. ఒప్పందం ప్రతి, అకామా, పాస్‌పోర్టులోని ప్రతి ముద్ర, జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వైద్యపు కాగితాలు అన్నీ ఫొటోలు తీసి ఇంటికి పంపాలి. ఎమిరేట్స్‌లో 2009 నుండి జీతాలు బ్యాంకుల ద్వారానే చెల్లించే ఏర్పాటు ఉన్నందున, బ్యాంకు స్టేట్‌మెంటే బలమైన సాక్ష్యం. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టే ముందు దానిని ఫొటో తీసి ఎవరికైనా పంపి, ఏమున్నదో తెలుసుకోవాలి. సెలవు వీసా మీద వచ్చి ఇక్కడే ఆగిపోవడం అన్నింటికన్నా నష్టదాయకం. అట్టివాడు పని వదిలి పారిపోయినవాని కింద లెక్కకు వస్తాడు, బాకీ అడిగే స్థానం పోగొట్టుకుంటాడు. అంతిమ నిష్క్రమణ వీసా మీదనే రావాలి.

బాకీ తేలకముందే రావలసి వస్తే? అప్పుడు ముక్తారునామా ఒక్కటే దారి. మన రాయబార కార్యాలయంలో ధ్రువపరచి, అక్కడ ఉండే నమ్మకమైన మనిషి పేర పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి వస్తే, ఫిర్యాదు అతని ద్వారా సాగుతుంది. దీనికి కాలపరిమితి ఉన్నదని మరువరాదు. సౌదీలో ఉద్యోగ సంబంధం ముగిసిన 12 నెలలలో ఫిర్యాదు చేయకపోతే, సరియైన కారణం చూపనిదే కోర్టు స్వీకరించదు.

కాగితాల విలువ చరిత్ర చెబుతుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు, సుమారు 1,70,000 మంది భారతీయులు అమ్మాన్ మీదుగా విమానాలలో స్వదేశం చేరారు. చేతిసంచీ తప్ప మరేమీ లేనివారు వేలాదిమంది. తరువాత 1991లో ఐక్యరాజ్యసమితి నష్టపరిహార సంఘాన్ని నెలకొల్పినది. వెళ్లిపోవలసి వచ్చినదని నిరూపించిన వ్యక్తికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు, వేరే క్లెయిము పెట్టనని ఒప్పుకున్నవారికి 4,000, 8,000 డాలర్లు నిర్ణయించినది. పోయిన జీతం, సామాను, బ్యాంకు నిలువ నిరూపించగలవారు అంతకన్నా ఎంతో ఎక్కువ అడగగలిగారు. అనగా ఒకే విమానంలో వచ్చిన ఇద్దరు కార్మికుల మధ్య తేడా తెచ్చినది వారు జేబులో పెట్టుకున్న కాగితాలు. ఆ సంఘం పరిహార చెల్లింపులు 2022 జనవరిలో గాని పూర్తి కాలేదు. ముప్పై యేండ్లు!

మళ్లీ 2020లో అదే కథ. మార్చి చివర మన ప్రయాణికుల బండ్లు ఆగినవి. మే 7 నుండి వందే భారత్ విమానాలు మొదలైనవి. గుడారాలలో, శిబిరాలలో పని లేక, జీతం లేక ఉన్నవారు విమానంలో చోటు దొరికితే చాలుననుకుని వచ్చేశారు. తపాలా సిబ్బంది ఆ రోజులలో మందులు మోసుకుని ఇంటింటికీ తిరిగారు గనుక, అట్లా వచ్చినవారి ఇండ్ల పరిస్థితి మనవారికే బాగా తెలుసును. వచ్చినవారిలో ఎందరికో నెలల తరబడి జీతం, గ్రాట్యుటీ అక్కడే నిలిచిపోయినవి. ఆపద చెప్పి రాదు. అందుకే మేము చెప్పే సన్నాహం వచ్చే ఏడాది రాదలచినవానికే కాదు, నిన్ననే పోయినవానికి కూడా.

ఖల్లివెల్లి అయినవారి విషయం, అనగా కఫీలును వదిలి కాగితాలు లేకుండా ఉంటున్నవారి విషయం వేరు. వారు ఆయా ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటించే కాలం కనిపెట్టి ఉండాలి. ఎమిరేట్స్ 2024 సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు అట్టి అవకాశం ఇచ్చినది. పాస్‌పోర్టు లేనివారికి మన రాయబార కార్యాలయం ఒకవైపు ప్రయాణానికి పత్రం ఇస్తుంది. చేతిలో చిల్లిగవ్వ లేనివారికి 2009లో ఏర్పడిన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధినుండి టిక్కెట్టు కూడా ఇవ్వవచ్చును. అడగాలి.

అక్కడి అప్పుల సంగతి ఒక్కమాటలో చెప్పి ముందుకు పోతాము. బ్యాంకు రుణమో, క్రెడిట్ కార్డు బాకీయో వదిలి విమానమెక్కితే తీరిపోయినదని అనుకునే రోజులు పోయినవి. 2020 జనవరిలో మన ప్రభుత్వం చేసిన ప్రకటన ప్రకారం ఎమిరేట్స్ సివిల్ కోర్టుల డిక్రీలను మన జిల్లా కోర్టులలో అమలు జరిపించవచ్చును.

ఇక డబ్బు. విదేశంలో ఉన్నంతకాలం తెరిచిన ఎన్.ఆర్.ఇ. ఖాతాను, స్థిరంగా తిరిగి వచ్చిన తరువాత, బ్యాంకుకు తెలియజేసి స్వదేశీ ఖాతాగా మార్పించుకోవాలి. అప్పటినుండి దాని వడ్డీకి పన్ను మినహాయింపు ఉండదు. విదేశీ ద్రవ్యంగానే ఉంచుకోదలచినవారికి ఆర్.ఎఫ్.సి. అన్న ఖాతా ఉన్నది. ఇక్కడ తపాలా మిత్రులకు మా ప్రత్యేక విజ్ఞప్తి. విదేశంలో ఉండగా అతడు మీ పొదుపు పథకాలలో చేరలేడు. జాతీయ పొదుపు పత్రాలు, నెలసరి ఆదాయ పథకం, వయోవృద్ధుల పథకం ఏవీ అతనికి వర్తించవు. తిరిగి వచ్చి నివాసి అయిన నాటినుండి అన్నీ వర్తిస్తాయి. నెలసరి ఆదాయ పథకంలో ఒక్కరి పేర 9 లక్షలు, ఉమ్మడి ఖాతాలో 15 లక్షల వరకు పెట్టవచ్చునని 2023లో పరిమితి పెంచారు. నెలనెలా జీతం అలవాటైన ఇంటికి నెలనెలా వచ్చే వడ్డీ ఎంత ఊరటో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. కాని, అతడు విమానం దిగిన వారంలోనే అతని ఇంటికి చేరేవాడు చిట్టీల వ్యాపారి, ప్లాట్ల వ్యాపారి, రెండింతలు చేసిస్తానన్న దూరపు బంధువు. మన పోస్టుమాన్‌కు ఆ గుమ్మం పాతికేండ్లుగా తెలుసు. వారికన్నా ముందు మీరే చేరాలి.

ఇంటిలోపలి సన్నాహం గురించి చెప్పడానికి మాకు అర్హత ఉన్నదో లేదో తెలియదు గాని, చెప్పక తప్పదు. పన్నెండేండ్లు ఇంటిని నడిపినది భార్య. అప్పు తీర్చినది, ఇల్లు కట్టించినది, పిల్లలను చదివించినది, బ్యాంకుకూ మండలాఫీసుకూ తిరిగినది ఆమె. రెండేండ్లకొకసారి నలభై రోజుల కోసం వచ్చే అతిథి ఇప్పుడు ఇంటి యజమానిగా కూర్చుంటాడు. పిల్లలు అతనితో ఫోనులో మాట్లాడినంత ధారాళంగా ఎదురుగా కూర్చుని మాట్లాడలేరు. ఇంటి లెక్క అడిగితే ఆమెకు అనుమానించినట్లుంటుంది, అడగకపోతే అతనికి ఆ ఇంట్లో తానెవరో తెలియదు. ఖరగ్‌పూరులోనో, షోలాపూరులోనో ఒంటరిగా క్వార్టర్లలో ఉండి, విరమణకు ముందు బదిలీ దొరికి సొంత ఊరు చేరిన మన సభ్యులకు ఇది కొంత అనుభవమే. వారిని అడగండి. వచ్చే ముందు ఆరు నెలలు డబ్బు తగ్గించి పంపి, ఇల్లు అంతలో నడుస్తుందో లేదో భార్యాభర్తలు ఇద్దరూ కలిసి చూసుకోవడం మంచిదని ఒక సోదరి మాతో చెప్పినది. మేము ఇంతవరకు విన్న సలహాలలో ఇది మేలైనదని తోచింది.

ప్రభుత్వాలను అడగవలసినదీ ఉన్నది. కేరళలో ప్రవాసుల సంక్షేమానికి 2008లోనే చట్టం చేసి బోర్డు ఏర్పరచారు. చందా కట్టినవారికి అరవై దాటిన తరువాత పింఛను వస్తుంది. కనీసం రెండేండ్లు విదేశంలో పనిచేసి తిరిగి వచ్చినవానికి చిన్న పరిశ్రమ పెట్టుకోవడానికి 30 లక్షల రూపాయల వరకు అప్పు, అందులో 15 శాతం, గరిష్ఠంగా 3 లక్షల సబ్సిడీ ఇచ్చే పథకం నడుపుతున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం ఏర్పాటు చేసినది. సంతోషమే. కాని ప్రాణాలతో తిరిగి వచ్చినవాడు కూడా ఆ సహాయానికి తగినవాడేనని మేము అనుకుంటున్నాము. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ కేరళ తరహా చందా పింఛను కోరుతూ సమాఖ్య తీర్మానం చేయాలని మా శాఖ ప్రతిపాదిస్తున్నది. తాత్కాలిక ఉద్యోగిగా, క్యాజువల్ లేబరుగా ఏండ్ల తరబడి పనిచేసి, ఆ సర్వీసును లెక్కలో చేర్పించుకోవడానికి మనవారు పడిన పాట్లు గుర్తున్నవారెవరూ ఈ కోరికను పరాయిదిగా భావించరు.

తీర్మానం వచ్చేవరకు ఊరుకోనక్కరలేదు. మా శాఖా కార్యాలయంలో ప్రతి నెలా రెండవ ఆదివారం ఉదయం పది గంటలనుండి ఒక బల్ల వేస్తున్నాము. సెటిల్‌మెంటు సెక్షనులో పనిచేసి విరమణ చేసిన ఇద్దరు పెద్దలు, సబ్ పోస్టుమాస్టరుగా ఉన్న ఒక సోదరి అక్కడ కూర్చుంటారు. గల్ఫ్‌లో ఉన్నవారి ఒప్పందం ప్రతినిగాని, ఫోనులో దాని ఫొటోనుగాని తీసుకుని రండి. చేరిన తేదీ, మూలవేతనం, గడువు తేదీ, ఈ మూడూ ఒక కాగితం మీద వ్రాసి, ఎప్పుడు వస్తే ఎంత రావాలో లెక్క కట్టి ఇస్తారు. బీమా పత్రం ఉంటే అది కూడా తెండి. ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలకు ఉన్నా, అది రెండేండ్లకో మూడేండ్లకో తీసుకున్నది గనుక, గడువు దాటిపోయినదేమో చూడాలి. అరబ్బీ చదవగలిగిన మౌల్వీగారు కూడా వస్తామన్నారు. ఆ మొదటి కాగితం చదివినది వారే.